పది స్పాట్లు వద్దు, ఒక కళ్లం చాలు

చలి మొదలవగానే విశాఖ నుంచి, విజయవాడ నుంచి, హైదరాబాద్ నుంచి బొమ్మలు వేసేవాళ్లు అరకు దారి పడతారు. ప్లాన్లన్నీ దాదాపు ఒకేలా ఉంటాయి. మొదటిరోజు బొర్రా గుహలు, కటికి జలపాతం, గాలికొండ, సాయంత్రానికి పద్మాపురం తోట, గిరిజన మ్యూజియం. రెండోరోజు చాపరాయి చూసుకుని పాడేరు. మూడోరోజు తెల్లవారకముందే వంజంగి కొండ, మధ్యాహ్నం లంబసింగి, తాజంగి, చీకటిపడ్డాక నర్సీపట్నం మీదుగా తిరుగు ప్రయాణం. రెండు రాత్రులు, రెండు వేర్వేరు ఫామ్‌స్టేలు. ఈమధ్య అలాంటి ప్లానే ఒకటి చూపించి, వీటిలో వాటర్‌కలర్‌కి ఏ స్పాట్లు బాగుంటాయని అడిగారు. నా జవాబు: స్పాట్లన్నీ బాగుంటాయి, ప్లానే బాగాలేదు. రెండు ఫామ్‌స్టేల్లో ఒకటి తీసేయండి. రెండు రాత్రులూ ఒకే రైతు ఇంట్లో ఉండి, కారు తాళం సంచిలో వేసేయండి.

చూడ్డానికి వెళ్లేవాళ్లకు ఈ మాట చెప్పను. వాళ్లకు పది చోట్లు తిరగడమే ఆనందం, తిరగాల్సిందే. బొమ్మ వేయడానికి వెళ్లేవాళ్ల లెక్క వేరు. ఆ లెక్క వెలుతురుతో మొదలవుతుంది.

వెలుతురు లెక్క

డిసెంబరులో అరకు ప్రాంతంలో సూర్యుడు ఉదయం ఆరుంపావు దాటాక వస్తాడు, సాయంత్రం అయిదున్నరకు ముందే వెళ్లిపోతాడు. చుట్టూ కొండలు కాబట్టి లోయలోకి ఎండ ఆలస్యంగా దిగుతుంది, తొందరగా ఎక్కిపోతుంది. పొద్దున మంచు విడేసరికి ఎనిమిదిన్నర, ఒక్కోరోజు తొమ్మిది. పదకొండు నుంచి రెండున్నర దాకా ఎండ బాగా పైకెక్కి నీడలు పొట్టివైపోతాయి. కొండ మడతలు కనిపించవు, సిల్వర్ ఓక్ తోటంతా ఒకే పచ్చ ముద్దలా ఉంటుంది. రూపం విడివిడిగా కనిపించేది ఎనిమిదిన్నర నుంచి పదకొండు వరకు, మళ్లీ రెండున్నర నుంచి నాలుగున్నర వరకు. రోజు మొత్తంలో చేతికొచ్చేది నాలుగు, నాలుగున్నర గంటలు.

ఇప్పుడు ఆ ప్లాన్‌ని దీని పక్కన పెట్టి చూడండి. విశాఖ నుంచి అరకు రోడ్డు మార్గాన దాదాపు 115 కిలోమీటర్లు. శృంగవరపుకోట దాటాక అనంతగిరి ఘాట్ మొదలవుతుంది. ఎక్కడా ఆగకపోయినా మూడున్నర గంటలు పడుతుంది. బస మారే రోజు ఎలా గడుస్తుంది? పొద్దున టిఫిన్, గది ఖాళీ చేయడం, సామాను సర్దడం, బయల్దేరడం. సరిగ్గా తొమ్మిది నుంచి పదకొండు. మధ్యాహ్నం భోజనం, మళ్లీ ప్రయాణం, కొత్త చోటు వెతుక్కుంటూ చేరడం. సరిగ్గా మూడు నుంచి అయిదు. బొమ్మకు పనికొచ్చే వెలుతురంతా కారు అద్దం అవతలే ఉండిపోతుంది. చేతిలో మిగిలేది నడిమధ్యాహ్నపు చదును ఎండ, రాత్రి బల్బు వెలుగు, ఫోన్లో ఫొటోలు.

ఇంకో సంగతి. కొత్త చోట ఆగగానే ఎవరి చెయ్యైనా ముందు పోస్టుకార్డు బొమ్మే వేస్తుంది: వెనక కొండ, మధ్యలో చెట్టు, ముందు రోడ్డు. ఆ చోటు మీద అవగాహన వచ్చేది రెండో బొమ్మలోనో మూడో బొమ్మలోనో. రెండో బొమ్మ వేయకముందే బండి ఎక్కేస్తే ప్రతిచోటా మొదటి బొమ్మే చేతికొస్తుంది. అలాంటివి పది పోగైనా అవి పది చోట్ల వేసిన ఒకే బొమ్మ.

ఫ్రెంచి చిత్రకారుడు మోనే 1890–91లో ధాన్యపు కుప్పల బొమ్మలు పాతిక దాకా వేశాడు. అవన్నీ జివెర్నీ అనే పల్లెలో ఆయన ఇంటి పక్క పొలంలోవే. వాన్ గోహ్ 1890లో పారిస్ దగ్గరి ఓవెర్ పల్లెలో రావూ కుటుంబం నడిపే చిన్న సత్రంలో, రోజుకు మూడున్నర ఫ్రాంకుల అద్దె గదిలో దిగాడు. అక్కడున్న 70 రోజుల్లో వేసిన బొమ్మలు దాదాపు రోజుకొకటి. ఫ్రాన్స్‌లోనే బార్బిజోన్ పల్లెలో గాన్ దంపతుల సత్రంలో మకాం వేసిన చిత్రకారులు అక్కడి గోడల మీదా అల్మరా తలుపుల మీదా కూడా బొమ్మలు వేశారు. ఆ సత్రం ఇప్పుడు మ్యూజియం. వీళ్లంతా బయటికి వెళ్లి వేసినవాళ్లే, అయినా నడిచి చేరగలిగినంత దూరంలోనే వేశారు. మన దామెర్ల రామారావు 28 ఏళ్లైనా నిండకుండానే 1925లో కన్నుమూశాడు. ఆ కొద్ది కాలంలోనూ ఆయన గోదావరి బొమ్మలకు బలం ఆ నది ఒడ్డున పుట్టి పెరిగిన పరిచయమే అని నేను నమ్ముతాను.

తడి ఆరని కాగితం

ఒకేచోట ఉండమనడానికి రెండో కారణం వాతావరణం. మైదానంలో వాటర్‌కలర్ అలవాటైన చెయ్యి ఏజెన్సీ చలిలో మొదటిరోజు తప్పకుండా తడబడుతుంది. ఏప్రిల్‌లో ఒంగోలులో ఆకాశానికి పరిచిన వాష్ (పలచటి రంగు పూత) మూడు నాలుగు నిమిషాల్లో ఆరిపోతుంది. డిసెంబరు పొద్దున లంబసింగిలో అదే వాష్ అరగంటైనా తడిగానే ఉండొచ్చు. ఈ తేడాకు చెయ్యి సర్దుకోవడానికి ఒక పూట పడుతుంది. ఆ పూట అయ్యాక అసలు పని మొదలవుతుంది.

చెడేది ఎక్కడంటే, కాగితం మీద మెరుపు పోయిన తర్వాత పూర్తిగా ఆరకముందు ఉండే దశలో. చూడ్డానికి ఆరినట్టే ఉంటుంది, లోపల తడి ఉంటుంది. అప్పుడు నీళ్లు ఎక్కువున్న బ్రష్ పెడితే ఆ నీళ్లు కింది రంగును అంచులకు నెట్టి కాలీఫ్లవర్ ఆకారంలో మరక కట్టిస్తాయి. అది మళ్లీ పోదు. వేళ్ల వెనకవైపుతో కాగితాన్ని తాకి చూడండి. చల్లగా తగిలితే లోపల తడి ఉన్నట్టే, ఆగాలి. ఆ ఆగే సమయం వృథా కాకుండా రెండు అట్టలు పెట్టుకుని రెండు బొమ్మలు మార్చి మార్చి వేయాలి. ఒకటి ఆరుతుంటే రెండోది నడుస్తుంది. రెండింటికీ దృశ్యం ఒకే వైపు ఉండేలా కూర్చుంటే లేచి తిరగక్కర్లేదు.

ఈ తేమను పనికి వాడుకోవచ్చు కూడా. మంచు బొమ్మకు తడి మీద తడి పద్ధతే సరైనది, దానికి మైదానంలో దొరకని వ్యవధి ఇక్కడ దొరుకుతుంది. కాగితాన్ని రెండువైపులా తడిపి ప్లాస్టిక్ అట్టకు అతికించండి. కోబాల్ట్ బ్లూలో కొంచెం బర్న్‌ట్ సియెనా కలిపితే మంచుకు సరిపడే బూడిద రంగు వస్తుంది. దూరపు కొండకు పాలంత పలచగా, దగ్గరి చెట్లకు పెరుగంత చిక్కగా కలపాలి. తడి కాగితం మీద బ్రష్‌లోని రంగు కాగితం మీది తడి కంటే ఎప్పుడూ చిక్కగా ఉండాలి, లేకపోతే మళ్లీ అదే మరక. చెట్టు మొదలు మంచులో కరిగిపోయేలా బ్రష్‌ను పైనుంచి కిందికి లాగి మధ్యలోనే ఎత్తేయండి.

హెయిర్ డ్రయ్యర్ తీసుకెళ్తే సరిపోదా అంటారు. అది వెయ్యి వాట్లకు పైగా లాగుతుంది. పల్లె కరెంటులో వోల్టేజి పడిపోతుంది, ఇన్వర్టర్ అయితే ఆగిపోతుంది. కట్టెల పొయ్యి దగ్గర ఆరబెట్టడం ఇంకా ప్రమాదం: ఒకవైపు వేడి తగిలి కాగితం వంకర తిరుగుతుంది, మసి పడుతుంది. తువ్వాలుతో అద్దుకోవడం, ఎండ వచ్చేదాకా ఆగడం, ఈ రెండే దారులు.

కాగితం 300 జీఎస్ఎం, పూర్తి కాటన్‌ది, కోల్డ్ ప్రెస్ (కాస్త గరుకుగా ఉండేది) తీసుకోండి. పెద్ద షీటును నాలుగు ముక్కలు చేస్తే ఒక్కోటి సుమారు 28 × 38 సెంటీమీటర్లు. మూడు రోజులకు ఎనిమిది ముక్కలు, ఒక ఏ5 స్కెచ్‌బుక్ చాలు. కాగితాన్ని జిప్ కవర్లో సిలికా జెల్ పొట్లాలతో ఉంచాలి. తేమలో రోజుల తరబడి వదిలేస్తే కాగితం పైనున్న సైజింగ్ (రంగు వెంటనే ఇంకిపోకుండా ఆపే జిగురు పూత) దెబ్బతిని రంగు అక్కడక్కడా చుక్కలుగా ఇంకిపోతుంది. మంచులో మాస్కింగ్ టేపు పట్టదు, క్లిప్పులే నమ్మకం. రౌండ్ బ్రష్‌లు 10, 6 నంబర్లు, ఒక అంగుళం ఫ్లాట్, కొమ్మలకు ఒక రిగ్గర్ (పొడుగు కుచ్చు ఉన్న సన్నటి బ్రష్). నీళ్లకు రెండు డబ్బాలు, ఒకటి కడగడానికి, ఒకటి కలపడానికి.

ప్యాలెట్ తడిగా మూసిపెడితే రంగులకు బూజు పడుతుంది, తెరిచి ఉంచాలి. కానీ తేనె కలిపిన రంగులు వాడేవాళ్లు రాత్రి తెరిచి వదిలేస్తే తెల్లారేసరికి చీమలు బారులు కడతాయి. తోటలో ఉన్న ఇంట్లో ఇది తప్పదు. నీళ్లు పోసిన పళ్లెం మధ్యలో గిన్నె బోర్లించి దాని మీద ప్యాలెట్ పెట్టండి. ఏజెన్సీలో మలేరియా ఉంది కాబట్టి దోమల క్రీము రాసుకోవాల్సిందే. అయితే డీట్ అనే దోమల మందు ఉన్న క్రీములు కొన్నిరకాల ప్లాస్టిక్‌ను కరిగిస్తాయి. రాసుకున్నాక అరచేతులు కడుక్కుని గాని ప్యాలెట్, కళ్లద్దాలు ముట్టుకోవద్దు.

ఇల్లు ఎంచుకోవడం

ఫామ్‌స్టే ఫొటోల్లో అందరూ చూసేది గది, మంచం, కిటికీలోంచి కనిపించే కొండ. నేను అడగమనేది వసారా సంగతి. ఫోన్ చేసి నాలుగు ప్రశ్నలు అడగండి: వసారా ఏ దిక్కుకు ఉంది? చూరు ఎంత ముందుకొచ్చింది? అక్కడినుంచి కళ్లం కనిపిస్తుందా? ఇప్పుడు ఏ పని నడుస్తోంది?

ఉత్తరం వసారా అన్నింటికన్నా మంచిది. చలికాలం సూర్యుడు దక్షిణానికి వాలి ఉంటాడు కాబట్టి కాగితం మీద నేరుగా ఎండ పడదు, రోజంతా వెలుతురు నిలకడగా ఉంటుంది. తూర్పు వసారా అయితే పొద్దున ఎండ నేరుగా కాగితం మీదే పడుతుంది. ఎండలో తెల్లకాగితం కళ్లు చెదిరేలా వెలిగిపోతుంది. ఏ రంగు వేసినా పలచగా అనిపించి ఇంకా చిక్కగా వేస్తాం. ఇంట్లోకి తెచ్చి చూస్తే బొమ్మంతా నల్లబడి ఉంటుంది. గొడుగు పెట్టుకునేవాళ్లు తెలుపో నలుపో తీసుకోవాలి. ఎర్ర గొడుగు కింద వేస్తే కాగితమంతా ఎర్రబారి కనిపిస్తుంది, పచ్చలన్నీ తప్పుతాయి.

రాత్రిపూట రంగుల జోలికి పోవద్దు. పసుపు వెలుగు బల్బు కింద నిమ్మపసుపుకీ తెల్లకాగితానికీ తేడా తెలియదు. పెన్సిలూ ఇంకూ రాత్రికి చాలు.

కళ్లం గురించి ఎందుకు అడగమంటున్నానంటే, చలికాలంలో పల్లె బతుకంతా అక్కడికే చేరుతుంది. వరి కుప్పలు, నూర్పిడి, ఆరబోసిన చోళ్లు (రాగులు). కాఫీ పండు నవంబరు నుంచి జనవరి దాకా కోస్తారు. పండినవే ఏరి కోస్తారు కాబట్టి పని నెమ్మదిగా సాగుతుంది. మొదటి చెట్టు దగ్గర గంప, నడుము వంపు గమనించి, తర్వాతి చెట్టు దగ్గర గీయొచ్చు. తోలు తీసి కడిగిన గింజను కళ్లంలో పరిచి రోజుకు ఎన్నోసార్లు తిరగేస్తారు. అదే మనిషి, అదే కదలిక, కాసేపటికి మళ్లీ. మనుషుల్ని గీయడం నేర్చుకునేవాళ్లకు దీనికంటే మంచి మోడల్ ఏ ఆర్ట్ స్కూలూ ఇవ్వదు. జనవరి దాటాక వెళ్తే పాడేరు వైపు పసుపు ఉడకబెట్టి ఆరబెట్టే పని ఉంటుంది. ఆ ఆవిరి, ఆ రంగు ఏ వ్యూపాయింట్‌లోనూ దొరకవు.

వలిసె పూల కోసం వెళ్లేవాళ్లు నవంబరులోనే వెళ్లాలి, డిసెంబరు నడిమికి చాలా చేలు అయిపోతాయి. పసుపుకు కాగితం తెల్లగా వదిలి ముందు పసుపే వేయాలి. వాటర్‌కలర్‌లో ఆకుపచ్చ మీద పసుపు నిలవదు. గట్టు మీద కూర్చుని వేయండి, చేలోకి దిగొద్దు. అది నూనె గింజల పంట. ఫొటోల కోసం దిగి తొక్కేసిన చేలకు రైతులు రుసుము పెట్టుకోవాల్సి వచ్చింది, అందులో న్యాయం ఉంది.

ఇంకో ప్రశ్న తప్పకుండా అడగాలి: తోట ఎవరిది? ఇది షెడ్యూల్డ్ ప్రాంతం. 1/70 చట్టం ప్రకారం ఇక్కడ భూమిని గిరిజనేతరులకు బదిలీ చేయడం చెల్లదు. మీరిచ్చే అద్దె ఆ నేలను సాగుచేసే కుటుంబానికి చేరుతోందా, పేరు ఒకరిది పెట్టి డబ్బు ఇంకెవరో తీసుకుంటున్నారా అన్నది తెలుసుకోవడం మర్యాదలో భాగమే. అలాంటి ఇంట్లో గీజర్ ఉండకపోవచ్చు, భోజనం వాళ్లు తినేదే పెట్టొచ్చు. బొమ్మలు వేసేవాడికి ఆ ఇల్లే మేలు.

మనుషుల దగ్గర

కోత రోజుల్లో ఆ ఇంటివాళ్లు పొద్దున్నే పనిలోకి పోతారు. అతిథి తొమ్మిదింటికి లేచి టిఫిన్ అడిగితే ఒక మనిషి పని ఆగిపోతుంది. ముందురోజు రాత్రే వాళ్ల వేళలు కనుక్కుని వాళ్లతో పాటే తినేయడం ఇద్దరికీ మంచిది. మీకూ ఎనిమిదిన్నర వెలుతురు దక్కుతుంది.

మనుషుల్ని గీసేముందు అడగాలి. రోడ్డు పక్క ఆగి, కారు దిగకుండానే ఫొటో తీసి, ఇంటికెళ్లి గిరిజన స్త్రీ అని పేరుపెట్టి బొమ్మ వేసేవాళ్ల మీద నాకు గట్టి అభ్యంతరం ఉంది. ఆ బొమ్మల్లో ముక్కుపోగులు కచ్చితంగా ఉంటాయి, మనిషి ఉండదు. ఒకేచోట ఉండిపోతే రెండోరోజుకు ఆమె పేరు తెలుస్తుంది, ఆమె వచ్చి బొమ్మ చూసి గంప పట్టు తప్పని చెబుతుంది. ఆ దిద్దుబాటుతో బొమ్మ మారిపోతుంది. పని మానుకుని కూర్చోమంటే ఆ పూట కూలి ఇవ్వాలి. పనిలో ఉండగా గీసుకుంటే వెళ్లేలోపు ఒక చిన్న స్కెచ్ గీసిచ్చినా బాగుంటుంది. ఫొటో పంపిస్తానని చెప్పి పంపకపోవడం మాత్రం చాలామంది చేసే తప్పు.

వారపు సంతలో గీయాలంటే వెనక గోడ ఉండే చోటు చూసుకోండి, లేకపోతే భుజం మీంచి చూసేవాళ్లతో చెయ్యి ఆడదు. సంతలో రంగులు తెరవొద్దు. పెన్సిలుతో పది పదిహేను చిన్న బొమ్మలు, పక్కన రంగు పేర్ల పొడి అక్షరాలు, అంతే.

నాకున్న సందేహాలు

ఈ వాదనకు ఎదురుమాటలు లేకపోలేదు. మొదటిది, కొత్తకన్ను. మొదటిసారి చూసినప్పటి ఆశ్చర్యం రెండోరోజుకు తగ్గుతుంది, కొన్ని బొమ్మలకు ఆ ఆశ్చర్యమే ప్రాణం. ఇది నిజమే. వెళ్లిన రోజు దారిపొడవునా స్కెచ్‌బుక్ ఒళ్లోనే ఉండాలి. ఆగిన ప్రతిచోటా అయిదు నిమిషాల పెన్సిలు బొమ్మ ఒకటి గీయండి. దారి సేకరణకు, మకాం బొమ్మకు. సొంత కారు కంటే రైలు దీనికి మేలు. విశాఖ నుంచి అరకు రైలు వెళ్లే కొత్తవలస–కిరండూల్ లైన్‌లో కిటికీ పక్క కూర్చుంటే చేతులు రెండూ ఖాళీగా ఉంటాయి, సొరంగాల చీకట్లో కళ్లు విశ్రాంతి తీసుకుంటాయి.

రెండో సందేహం ఇంకా గట్టిది. ఎంచుకున్న ఇల్లు కుదరకపోతే? మంచు రెండు రోజులూ విడకపోతే? తుఫాను పట్టి వాన కురిస్తే? తిరిగేవాడికి ఇంకో చోటు ఉంటుంది, మకాం వేసినవాడు ఇరుక్కుపోతాడు. దీనికి పూర్తి జవాబు నా దగ్గర లేదు. వసారా చూసుకోమన్నది సగం అందుకే. వాన పడితే చూరు కిందినుంచి కళ్లం, పశువుల పాక, వంటిల్లు ఉంటాయి. వంటింటి గడపలో కూర్చుని పొయ్యి వెలుగులో వేసే బొమ్మకు వాతావరణంతో పని లేదు. అయినా నవంబరులో వెళ్లేవాళ్లు తుఫాను సూచనలు చూసుకుని, తేదీ మార్చుకునే వీలున్న ఇంటినే తీసుకోవాలి.

వంజంగి సంగతి వేరు. తెల్లవారుజామున ఆ కొండ కింద పరుచుకునే మేఘాల సముద్రాన్ని చూడొద్దని నేననలేను. చీకట్లో కొండెక్కి, పొద్దు పొడిచేటప్పుడు అక్కడ రంగులు తెరవడం మాత్రం వృథా. వేళ్లు కొంకర్లు పోతుంటాయి, ఏదీ ఆరదు, రంగు నిమిష నిమిషానికి మారుతుంది. మెత్తటి 4బీ పెన్సిలుతో ముదురు, నడిమి, లేత ఛాయలు మూడే గుర్తుపెట్టుకుని, మేఘం అంచు ఎక్కడ తెల్లగా వెలిగిందో బాణం గుర్తు వేసుకుని దిగిరండి. ఆ రంగుల్ని వసారాలో, అదే పొద్దున, కళ్లల్లో ఇంకా ఉండగానే కలపాలి. అందుకే బస పాడేరు చుట్టుపక్కల ఉంటే మంచిది.

ఒక్క రాత్రే దొరికే ఉద్యోగస్తులు చాలామంది ఉంటారు. వాళ్లు బొర్రా, కటికి, మ్యూజియం మొత్తం వదిలేయాలి. విశాఖలో పొద్దున ఆరింటికి బయల్దేరి, ఘాట్‌లో ఒక్కచోటే ఆగి, పదకొండుకల్లా ఇంటికి చేరాలి. భోజనమయ్యాక మధ్యాహ్నపు ఎండలో రంగులు తెరవకుండా కళ్లం చుట్టూ నడిచి, నాలుగు చిన్న పెన్సిలు కూర్పులు గీసి, వాటిలో ఒకటి ఎంచుకోవాలి. రెండున్నరకు కూర్చుని ముందు నీడల అంచులన్నీ పెన్సిలుతో గీసేయండి. తర్వాత నీడ జరిగినా ఆ గీతల్నే నమ్మాలి, మారిన నీడ వెంట పోతే బొమ్మలో రెండు సూర్యులు వస్తాయి. నాలుగున్నరకు ఆపేయండి. మర్నాడు ఎనిమిదిన్నరకు అదే చోట, అదే కూర్పుతో రెండో కాగితం పెట్టండి, ఈసారి వెలుతురు అటువైపు నుంచి వస్తుంది. పదకొండుకు కాగితాలు పూర్తిగా ఆరాయో లేదో తాకి చూసి, మధ్యలో బటర్ పేపర్ వేసి, జిప్ కవర్లో పెట్టి బయల్దేరితే సాయంత్రానికి విశాఖలో ఉంటారు.